చిన్న తరగతికి హ్మాంగ్ నేర్పేటప్పుడు: చెవి ముందు, అక్షరాలు తర్వాత

మీరు అడిగింది ఇదీ: అమెరికాలోని సెయింట్ పాల్‌లో ఒక ప్రాథమిక బడిలో సహాయ టీచరుగా చేరారు. రెండో తరగతి, ఇరవై నలుగురు పిల్లలు, రోజుకి అరగంట హ్మాంగ్ (లావోస్ నుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డ ఒక జాతి) భాష, సంస్కృతి. సగం మంది హ్మాంగ్ ఇళ్ల పిల్లలే, కానీ నోరు తెరిస్తే ఇంగ్లీషే. తోటి హ్మాంగ్ టీచరుగారికి భాష బాగా వచ్చు, పాఠాల ప్రణాళిక మాత్రం మిమ్మల్ని వెయ్యమన్నారు. అక్షరమాల ఎన్ని వారాల్లో పూర్తి చెయ్యొచ్చు అని మీ సందేహం.

అక్షరమాలతో అసలు మొదలుపెట్టకండి. మన తెలుగువాళ్లకి చదువంటే ఓనమాలే. అమెరికాలో మన వారాంతపు తెలుగు బడులు కూడా చాలావరకు అక్కణ్ణుంచే మొదలుపెడతాయి. తెలుగులో అక్షరం చూస్తే శబ్దం తెలిసిపోతుంది కాబట్టి అది ఎలాగో నడుస్తుంది. హ్మాంగ్ సంగతి వేరు. దాన్ని రాసేది ఇంగ్లీషు అక్షరాలతో. అవే అక్షరాల్ని ఇంగ్లీషులో ఎలా చదవాలో ఏడేళ్ల పిల్లలు అప్పుడప్పుడే నేర్చుకుంటున్నారు. శబ్దం చెవిలో పడకముందే కాగితం చేతికిస్తే ఇంగ్లీషులాగే చదివేస్తారు. ఆ అలవాటు మాన్పించడానికి సంవత్సరం చాలదు.

మొదటి రోజు పలకరింపే తీసుకోండి. అది 'ఞొ ఝాంగ్' అన్నట్టు వినిపిస్తుంది. రాతలో ఎన్-వై-ఓ-బి, జెడ్-ఓ-ఓ. పిల్లలు దాన్ని 'నయాబ్ జూ' అని చదువుతారు, జంతువులు గుర్తొచ్చి ఒకటే నవ్వు. ఈ రెండు మాటల్లోనే వాళ్లు మూడు తప్పులు చేశారు. చివరి బి పలికే అక్షరం కాదు, గొంతు ఎంత ఎత్తులో ఉండాలో చెప్పే గుర్తు. రెండు ఓలు కలిస్తే ఊ కాదు, ముక్కుతో పలికే 'ఆంగ్'. జెడ్ అంటే జ కాదు, మన ష ని గొంతు మోగిస్తూ పలికితే వచ్చే శబ్దం.

ఈ రాతని 1951-53 మధ్య లావోస్‌లో లిన్‌వుడ్ బార్నీ, విలియం స్మాలీ, ఈవ్ బెర్‌త్రే అనే మిషనరీలు హ్మాంగ్ సహాయకులతో కలిసి కూర్చారు. హ్మాంగ్‌లో మాట చివర అచ్చు ఉంటుంది, లేదా ముక్కుతో పలికే 'ంగ్' ఉంటుంది. వేరే హల్లు రాదు. అందుకని మాట చివర ఖాళీగా ఉన్న చోటుని స్వరం గుర్తుకి వాడుకున్నారు. ప్రత్యేక గుర్తులేవీ లేకుండా మామూలు టైపురైటరు మీద కొట్టేయొచ్చు. పెద్దవాళ్లకి ఇది భలే సౌకర్యం, ఇంగ్లీషు చదివే పిల్లలకి మాత్రం ఉచ్చు.

స్వరాలు అంటే సంగీతంలో సరిగమలు కాదు. ఒకే మాటని గొంతు ఎత్తి, దించి, విరిచి పలికితే అర్థం మారిపోవడం. 'పొ' అనే ఒక్క శబ్దాన్ని తీసుకోండి. పైస్థాయిలో తిన్నగా పలికితే బంతి, రాతలో చివర బి. పైనుంచి కిందకి జారిస్తే ఆడది, చివర జె. మధ్యనుంచి పైకి లేపితే విసరడం, వి. మధ్యస్థాయిలో తిన్నగా పలికితే ప్లీహం, దీనికి చివర ఏ అక్షరమూ ఉండదు. కిందిస్థాయిలో తిన్నగా అయితే ముల్లు, ఎస్. నిట్టూర్పులా గాలి కలిపి దించితే నాయనమ్మ, జి. కిందిస్థాయిలో పలికి గొంతులో టక్కున ఆపేస్తే చూడడం, ఎమ్. ఇవి ఏడు. డి తో రాసే ఎనిమిదోది చాలా కొద్ది మాటల్లోనే వస్తుంది, రెండో తరగతిలో దాని ఊసే వద్దు.

ఏడూ ఒకేసారి చెప్పకండి. మొదటి రెండు వారాలు బి, వి, ఎమ్ చాలు, ఎందుకంటే వాటి మధ్య ఎడం ఎక్కువ. పైగా బంతి, విసరడం, చూడడం మూడూ చేసి చూపించగలిగే పనులు. 'పొ పొ' అంటే బంతి విసరడం, ముందుది లేస్తుంది, రెండోది పైన తిన్నగా ఉంటుంది. హ్మాంగ్ కొత్త సంవత్సరంలో ఆడే బంతాట పేరు కూడా అదే. మూడో వారంలో జి, నాలుగో వారంలో జె చేర్చండి. ఈ రెండూ కిందకే జారతాయి కాబట్టి పిల్లలు కలిపేస్తారు. జె స్వరం గట్టిగా, శుభ్రంగా ఉంటుంది. జి లో ఊపిరి కలుస్తుంది. అరచెయ్యి నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టి నాయనమ్మని పిలవమనండి, గాలి తగలాలి. అన్నిటికంటే కష్టం ఎస్ స్వరానికీ, గుర్తులేని మధ్యస్వరానికీ తేడా పట్టుకోవడం. రెండూ తిన్ననివే, ఎత్తులోనే కాస్త తేడా. దాన్ని ఆఖరికి ఉంచండి, అప్పుడు కూడా విడిమాటల్లో కాకుండా పక్కపక్కన పెట్టి వినిపించండి.

కసరత్తు ఇలా పెట్టండి. తోటి టీచరుగారు మాట అంటారు, పిల్లలు నోరు తెరవకుండా చేత్తో స్వరం గీస్తారు: తల ఎత్తులో అడ్డగీత, కిందనుంచి పైకి ఏటవాలు, నడుము దగ్గర గుప్పిట బిగించడం. వరసగా పది మాటలు. పదిమందిలో ఎనిమిదిమంది చేతులు సరిగా కదిలితేనే పలికించండి. వినడంలో తేడా పట్టని పిల్లలు పలకడంలో పట్టలేరు, ఎన్నిసార్లు అనిపించినా అంతే. ఇది రోజుకి ఏడు నిమిషాలు మించకూడదు. మించితే పిల్లలు ఒకరి చేతులు చూసి ఒకరు ఊపడం మొదలవుతుంది. అనుమానం వస్తే కళ్లు మూయించి చేయించండి.

ఎక్కువగా జరిగే తప్పు ఇంకోటి ఉంది, చాలామంది టీచర్లు కారణం పట్టుకోలేరు. జవాబు సరో కాదో తెలియని పిల్ల ప్రశ్నలాగా గొంతు లేపి అంటుంది. అప్పుడు నాయనమ్మ కాస్తా విసరడం అయిపోతుంది. పిల్లకి మాట తెలుసు, అనుమానమే స్వరాన్ని పాడుచేసింది. అందుకని మొదటి వారంలోనే హ్మాంగ్‌లో ప్రశ్న ఎలా వేస్తారో నేర్పండి: క్రియకి ముందు 'పువా' అనే మాట చేరుస్తారు, పి-యు-ఎ-ఎస్. ప్రశ్న పనంతా ఆ మాటే చేస్తుంది, గొంతు లేపనక్కర్లేదు. మీరు కూడా తెలుగు యాసలో చివర లేపకుండా చూసుకోండి.

పాటల విషయంలో కూడా ఇదే చిక్కు. ఇంగ్లీషు బాలగీతాల వరసలో హ్మాంగ్ మాటలు పెట్టి పాడించడం చాలా బడుల్లో చూస్తాం. వరస పైకి పోయినచోట కిందిస్వరం మాట పడితే ఆ మాట ఇంకో మాట అయిపోతుంది, లేదా ఏమీ కాకుండా పోతుంది. హ్మాంగ్ సంప్రదాయ గానంలో బాణీ మాటల స్వరాన్ని అనుసరించి నడుస్తుంది, అందుకే అక్కడ ఈ గొడవ లేదు. మొదటి ఆరు నెలలు పాటలు మాని, చప్పట్లతో లయగా చెప్పుకునే మాటలు పెట్టుకోండి. అంకెలు అందుకు బాగా పనికొస్తాయి. ఒకటి నుంచి ఐదు వరకు అన్నీ బి స్వరమే: ఇ, ఒ, పె, ప్లౌ, చి. ఐదూ ఒకే ఎత్తులో తిన్నగా పోవాలి. ఆరు 'టౌ', ఏడు 'శా' మధ్యకి దిగుతాయి. ఎనిమిది 'యి' గొంతులో ఆగుతుంది, తొమ్మిది 'చువా' పైనుంచి జారుతుంది, పది 'కౌ' మళ్లీ ఆగుతుంది. ఇంగ్లీషులో అంకెలు చదివేటప్పుడు చివరి అంకె దగ్గర గొంతు పడేస్తారు. పిల్లలు ఇక్కడా అదే చేస్తే ఐదు చెడుతుంది. ఐదు దగ్గర ఆపకుండా ఆరుకి లాక్కుపోతే ఆ తప్పు దానంతటదే పోతుంది.

హల్లుల దగ్గరికొస్తే తెలుగు తెలియడం మీకు నిజంగా కలిసొస్తుంది. హ్మాంగ్ రాతలో ఆర్ అంటే ర కాదు, మన ట. బల్లని ఆర్-ఓ-ఓ-జె అని రాస్తారు, 'టాంగ్' అని పైనుంచి జార్చి పలుకుతారు, ఇంగ్లీషు పిల్లలు 'రూజ్' అంటారు. టి అంటే పళ్లకి తగిలే త. ఈ ట, త తేడా ఇంగ్లీషు చెవికి అందదు, మీకు పుట్టుకతోనే వచ్చు. ఎక్స్ అంటే స, ఎస్ అంటే ష, ఎక్స్-వై కలిస్తే శ. మన మూడు స-కారాలూ ఉన్నాయన్నమాట. టి-ఎక్స్ మన 'చాలు', 'చుట్టం' మాటల్లో పలికే దంత్య చ. ఎన్-వై అంటే ఞ. మాట మొదట్లో ఎన్-పి, ఎన్-టి, ఎన్-కె వస్తే మ్బ, న్ద, ఙ్గ. 'కంబళి'లో క వదిలేసి మిగతాది పలకమంటే ఎలా మొదలవుతుందో అలా. పందిని 'మ్బువా' అంటారు. పిల్లలు దానికి ముందు 'ఎన్' అనో 'ఇన్' అనో ఒక అచ్చు తగిలిస్తారు, పెదాలు ముందే మూసి ఉంచమంటే సర్దుకుంటుంది.

మనవాళ్లు తప్పు చేసే చోట్లు కూడా ఉన్నాయి. మాటల్లో మనం ఒత్తులు పెద్దగా పలకం, ఫలాన్ని పెదవి కొరికి ఇంగ్లీషు ఎఫ్‌లా అంటాం. హ్మాంగ్‌లో పి వేరు, పి-హెచ్ వేరు, ఎఫ్ మూడోది. 'పా' అని పైనుంచి జారిస్తే పువ్వు, అదే స్వరంలో ఒత్తి 'ఫా' అంటే పళ్లెం. ఇంగ్లీషు పిల్లల తప్పు దీనికి ఎదురు: వాళ్లు మాట మొదట్లో ప ని ఎప్పుడూ ఊపిరితోనే పలుకుతారు, పువ్వు అనబోయి పళ్లెం అంటారు. టిష్యూ కాగితాన్ని రెండు సెంటీమీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల పొడుగు పట్టీలుగా కత్తిరించి ఒక్కొక్కరికి ఇవ్వండి. పెదాల ముందు వేలాడదీసి పువ్వు అంటే కదలకూడదు, పళ్లెం అంటే ఎగరాలి. అదే పట్టీ ముక్కు కింద పెడితే ఇంకో శబ్దానికీ పనికొస్తుంది. హెచ్-ఎమ్ అంటే మ కి ముందు ముక్కులోంచి గాలి వదలడం, 'హ్మాంగ్' అనే పేరు మొదలయ్యేది దానితోనే. క్యూ అక్షరం కొండనాలుక దగ్గర పుట్టే క, కోడి మాట దానితో మొదలవుతుంది. మీకు అది రాకపోతే బెంగ లేదు, ఆ మాటలు తోటి టీచరుగారి చేత అనిపించండి.

మీ సొంత కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాసుకోండి, తప్పులేదు. పిల్లలకి చూపించొద్దు. తెలుగులో స్వరం గుర్తు లేదు కాబట్టి నెల దాటాక మీరూ దాన్ని మానేయాలి. లేకపోతే నాయనమ్మ, ముల్లు, బంతి మూడూ మీ కాగితం మీద 'పొ' గానే మిగిలిపోతాయి.

ప్రణాళిక వేసేముందు ఇంకో పని ఉంది: పిల్లల ఇళ్లలో ఏ మాండలికమో కనుక్కోవడం. అమెరికాలో ప్రధానంగా రెండున్నాయి, తెల్ల హ్మాంగ్, ఆకుపచ్చ మాంగ్. అచ్చయిన పాఠ్యసామగ్రిలో ఎక్కువ తెల్ల హ్మాంగ్‌లోనే దొరుకుతుంది. ఆకుపచ్చ మాంగ్ ఇంటి పిల్ల తన జాతి పేరుని ముందు గాలి లేకుండా 'మాంగ్' అంటుంది. ఎరుపుని తెల్లవాళ్లు 'లియా' అంటే ఆమె 'లా' అంటుంది, కుక్కని 'దే' బదులు 'ద్లే' అంటుంది. ఇది తప్పు కాదు, వాళ్ల ఇంటి మాట. మీరు గానీ దిద్దితే ఆ పిల్ల ఇంటికెళ్లి నాయనమ్మని దిద్దుతుంది, మర్నాడు ఇంట్లోవాళ్లు బడికొస్తారు. బల్ల మీద రెండు మాటలూ పక్కపక్కన పెట్టండి, వినేటప్పుడు రెండూ తెలియాలి, పలికేటప్పుడు ఎవరిది వాళ్లది. రెండు వర్గాలూ కలిసివచ్చేలా పేరు రాసేటప్పుడు కొందరు హెచ్, ఎమ్ రెండిటినీ పెద్దక్షరాలుగా రాస్తారు, గోడ మీద అలా రాయడం మంచిది.

ఇక మాటల ఎంపిక. రంగులు, జంతువులు, పండ్లు అని ఇంగ్లీషు బాలశిక్ష వరసలో పోవద్దు. మీ తరగతిలో సగం మందికి హ్మాంగ్ మాట్లాడే పెద్దలు ఇంట్లోనే ఉన్నారు. ఆ పెద్దలతో పిల్లలు ఈ వారం ఏం మాట్లాడగలరు అన్నదే కొలత. అందుకని నా లెక్కలో మొదటి పాఠం వరసలు, అంటే చుట్టరికాలు. ఇక్కడ కూడా తెలుగువాళ్లకి పని తేలిక. ఇంగ్లీషులో అంకుల్ అన్న ఒక్క మాటలో పోయేదాన్ని హ్మాంగ్‌వాళ్లు మనలాగే విడదీస్తారు. నాన్నకి అన్న 'త్సీ హ్లొ', తమ్ముడు 'త్సీ న్జౌ', మనకి పెదనాన్న, బాబాయి. అమ్మ అన్నదమ్ములు 'దా లౌ', మన మేనమామ. నాన్న అప్పచెల్లెళ్లు 'ఫౌ', మన మేనత్త. నాయనమ్మ 'పొ', అమ్మమ్మ 'నియా తై', ఇద్దరికీ ఒకే మాట వాడరు.

మనకి లేని మెలిక ఒకటుంది. తోబుట్టువుల పేరు పిలిచేవాళ్లు ఆడా మగా అన్నదాన్ని బట్టి మారుతుంది. అబ్బాయికి అక్కచెల్లెలు 'మువా', అమ్మాయికి అన్నదమ్ముడు 'ను', అమ్మాయికి అక్కచెల్లెళ్లు 'వీ ఞ్జౌ'. కాబట్టి 'నా కుటుంబం' అని ఒకే కాగితం ఇరవై నాలుగు ప్రతులు తీసి పంచితే సగం మందికి తప్పు మాట వెళుతుంది. అబ్బాయిలకి ఒకటి, అమ్మాయిలకి ఒకటి, రెండు రకాలు తయారుచెయ్యండి. మార్కెట్లో దొరికే సిద్ధ కాగితాల్లో ఇది తరచు తప్పే.

వరసలతోపాటే వంశం పేర్లు వస్తాయి. వాంగ్, లీ, షియాంగ్, యాంగ్, థావ్ వంటివి. అమెరికాలో మామూలుగా పద్దెనిమిది వంశాలని లెక్కచెబుతారు. ఒకే వంశం పేరున్నవాళ్లు రక్తసంబంధం లేకపోయినా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కిందే లెక్క, పెళ్లి కుదరదు. మన సగోత్రం లాంటిదే కాబట్టి మీకు వివరించి చెప్పక్కర్లేదు. బడిలో దీని వల్ల రెండు జాగ్రత్తలు అవసరం. హ్మాంగ్ స్త్రీ పెళ్లయ్యాక కూడా పుట్టింటి వంశం పేరే ఉంచుకుంటుంది, అందుకని తల్లి పేరు, పిల్ల పేరు కలవకపోతే కాగితాల్లో అనుమానపడొద్దు. రెండోది, కొత్త సంవత్సరం బంతాట అసలు పెళ్లీడు అబ్బాయిలు, అమ్మాయిలు ఎదురెదురు వరసల్లో నిలబడి ఒకరినొకరు తెలుసుకునే ఆట. తరగతిలో దాన్ని అలాగే పెట్టి ఒకే వంశం అబ్బాయినీ అమ్మాయినీ జంట చేస్తే ఆ ఇద్దరూ సిగ్గుతో చచ్చిపోతారు. ఆరుగురేసి గుండ్రంగా నిలబెట్టండి, రెండు మీటర్ల ఎడం, టెన్నిస్ బంతి. ఇప్పుడు పండగల్లో కూడా అదే వాడుతున్నారు. విసిరేవాళ్లు వరస మాట ఒకటి అంటారు, పట్టినవాళ్లు అది ఎవరో చెబుతారు. స్వరం తప్పితే బంతి వెనక్కి.

వరసల తర్వాత ఇంటి పలకరింపులు. ఎవరైనా ఇంటికొస్తే 'వచ్చారా?' అనే మనలాగే 'కొ తువా లొ?' అంటారు (ఇక్కడ చివరి 'లొ' వాక్యం చివర వచ్చే పలుకు మాత్రమే, కింద చెప్పే 'లొ' కాదు). అన్నం తిన్నావా అన్నదీ పలకరింపే. ఇక్కడ పిల్లలు పట్టుకోవాల్సింది, 'రావడం' అనే పనికి రెండు మాటలున్నాయి. సొంత ఇంటికి తిరిగి రావడం 'లొ', తనది కాని చోటుకి రావడం 'తువా'. ఇంగ్లీషులో ఆలోచించే పిల్లలు రెండూ కలిపేస్తారు. గదిలో నేల మీద చాక్‌తో ఒక ఇల్లు గీసి, ఒక్కొక్కరిని లోపలికీ బయటికీ నడిపిస్తూ అనిపిస్తే రెండు రోజుల్లో కుదురుతుంది. వ్యాకరణం పేరెత్తి చెప్పక్కర్లేదు.

వస్తువులు లెక్కపెట్టేటప్పుడు వచ్చే వర్గం మాటల్లో నాలుగే ఎంచుకోండి: మనుషులకీ జంతువులకీ 'తు', ఇల్లు, బల్ల వంటివాటికి 'లు', కాగితంలా పలచగా ఉన్నవాటికి 'దై', పుస్తకాలకి ఒత్తు ప తో 'ఫౌ'. మొదటి దానికి స్వరం మారే చిక్కుంది: విడిగా ఎస్ స్వరం, ముందు 'ఇ' అనే ఒకటి వస్తే జి స్వరం అవుతుంది. నియమం చెప్పకుండా 'ఇ తు' అని జంటగానే నేర్పితే పిల్లలకి అది కష్టమని కూడా తెలియదు.

అరగంట విభజన నేనైతే ఇలా వేస్తాను. పలకరింపు, హాజరు హ్మాంగ్‌లోనే ఐదు నిమిషాలు. స్వరాల కసరత్తు ఏడు. కొత్త మాటలతో మాట్లాడించడం పది. కథ లేదా చేతిపని ఐదు. ఇంట్లో ఎవరితో ఏం అనాలో చెప్పి పంపడం మూడు. వారానికి ఎనిమిది కొత్త మాటలు, అవీ సోమవారం నుంచి గురువారం లోపే, శుక్రవారం పాతవే. ఎనిమిది తక్కువ అనిపిస్తుంది. ఒక్కో మాటకి శబ్దం, స్వరం, వర్గం మాట మూడూ ఉన్నాయని గుర్తుపెట్టుకుంటే అనిపించదు.

అక్షరాలు పదమూడో వారంలో తీయండి, అప్పటికి నోటికి వచ్చిన మాటలతోనే. పది, పదిహేను సెంటీమీటర్ల అట్టముక్క మీద మాట నల్లగా, చివరి స్వరం అక్షరం రంగులో రాయాలి. ఆ అక్షరం మీద రెండు సెంటీమీటర్ల కాగితం మూత అంటించండి. ముందు మూత వేసి చదివించాలి, తర్వాత మూత ఎత్తి స్వరం కలిపించాలి. చివరి అక్షరాన్ని పలకకూడదు అని నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఈ మూతతో ఎక్కుతుంది. నాలుగు వారాలయ్యాక రంగు తీసేయండి. ఉంచితే పిల్లలు రంగునే చదువుతారు, నల్ల అచ్చు పుస్తకం ఇవ్వగానే పాత తప్పులన్నీ తిరిగొస్తాయి.

పెద్ద తరగతులకి ఒక్క పాఠంగా పహావ్ లిపి చూపించొచ్చు. షాంగ్ లూ యాంగ్ అనే రైతు 1959లో కూర్చిన లిపి అది, ఆయన్ని 1971లో చంపేశారు. అందులో అచ్చు, స్వరం ఉన్న గుర్తు ముందు రాసి హల్లు తర్వాత రాస్తారు, చదివేటప్పుడు మాత్రం హల్లే ముందు. పిల్లలకి రహస్యలిపిలా సరదాగా ఉంటుంది. రెండో తరగతికి మాత్రం వద్దు.

సంస్కృతి భాగంలో చాలా బడులు నవంబరు చివర పండగ బట్టలు, వెండి హారాలు, ఎగ్ రోల్సుతో పని కానిచ్చేస్తాయి. దానికంటే చేతిపని మేలు. 'పా న్దౌ' అంటే హ్మాంగ్ కుట్టుపని: బట్ట మీద బట్ట వేసి పైదాన్ని కత్తిరించి అంచు మడిచి కుట్టడం ఒక పద్ధతి, ఎక్స్ కుట్టు ఇంకోటి, మైనంతో అద్దే నీలిబట్ట ఆకుపచ్చ మాంగ్‌వాళ్ల ప్రత్యేకత. రెండో తరగతికి కాగితం చాలు. పదిహేను సెంటీమీటర్ల చదరపు రంగుకాగితాన్ని రెండుసార్లు సగానికి, ఆపైన మూలకి మూలగా ఒకసారి మడవాలి. మడత కొన దగ్గర నుంచి నత్తచుట్ట సగం పెన్సిలుతో గీసి కత్తిరించి, విప్పి, వేరే రంగు కాగితం మీద అంటించాలి. తప్పయ్యేది ఎక్కడంటే, మడత ఉన్న అంచంతా కోసేస్తే విప్పగానే ముక్కలైపోతుంది. మడత అంచు మీద కనీసం రెండు చోట్ల ఒక్కో సెంటీమీటరు వదలమనండి. నత్త, ఏనుగు పాదం సంప్రదాయంలో ఉన్న నమూనాలే. మూడో తరగతి పైవాళ్లకి సెంటీమీటరు గళ్ల కాగితం మీద ఎక్స్ గుర్తులతో నమూనా వేయించి, తర్వాత మొద్దుమొన సూది, ఉన్నిదారం, రంధ్రాలున్న ప్లాస్టిక్ జాలీ ఇవ్వొచ్చు. దారం మోచెయ్యి పొడుగు మించితే చిక్కుపడుతుంది.

కథాచిత్రాల బట్టలు చూపించేటప్పుడు అవి తాతముత్తాతల కాలంనాటివని చెప్పకండి. 1975లో లావోస్‌లో ప్రభుత్వం మారాక మెకాంగ్ నది దాటి థాయిలాండ్ చేరిన కుటుంబాలు బన్ వినాయ్ లాంటి శిబిరాల్లో మొదలుపెట్టిన కొత్త రూపం అది. ఆ బట్టల మీద యుద్ధం, నది దాటడం ఉంటాయి. 'మీ తాతయ్యని యుద్ధం గురించి అడిగి రండి' అని మాత్రం ఇంటిపని ఇవ్వొద్దు. నదిలో అయినవాళ్లని పోగొట్టుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఏడేళ్ల పిల్ల అన్నం దగ్గర ఆ ప్రశ్న వేయడం ఎవరికీ మంచిది కాదు. 'చిన్నప్పుడు పొద్దున్నే ఏం తినేవారు? ఏ పంట వేసేవారు? ఏ జంతువుని చూసి భయపడేవారు?' ఇవి అడగమనండి. యుద్ధం సంగతి చెప్పాలనుకుంటే వాళ్లే చెబుతారు.

మతం దగ్గర గీత గీసుకోండి. ఆత్మని పిలిచే 'హు ప్లి', మణికట్టుకి దారాలు కట్టడం, పూజారి చేసే 'నెంగ్' ఇవన్నీ ఉన్నాయని చెప్పొచ్చు, బొమ్మలు చూపొచ్చు, తరగతిలో చేసి చూపించడం కుదరదు. అమెరికా ప్రభుత్వ బడిలో మతం గురించి చెప్పడం వేరు, ఆచరించడం వేరు. పైగా హ్మాంగ్ కుటుంబాల్లో క్రైస్తవులు బాగా ఉన్నారు, వాళ్లు దారం కట్టనివ్వరు. 'కెంగ్' అనే ఆరు వెదురు గొట్టాల వాద్యం కూడా జాగ్రత్తగా తేవాలి. దాని గొట్టాలు మాటల స్వరాల్నే పలుకుతాయి, వినే పెద్దలకి అది మాటలాగే అర్థమవుతుంది. చావు దగ్గర వాయించే పాటలు సరదాకి వాయించరు. వాయించేవారిని పిలిస్తే కొత్త సంవత్సరం నాటి నృత్యం వాయించమని ముందే అడగండి, చావుడప్పు అసలు తేవొద్దు.

నాయనమ్మలు, తాతయ్యలు తరగతికి వస్తామంటే కాదనకండి, కానీ వాళ్ల చేతికి కాగితం ఇవ్వొద్దు. చాలామందికి ఈ రాత చదవడం రాదు, అందరి ముందూ చదవమంటే చిన్నబుచ్చుకుంటారు. బొమ్మ చూపించి మాట్లాడమనండి, మీరు ఫోనులో రికార్డు చేసుకోండి. మీ దగ్గరుండే అసలైన శబ్దభాండారం అదే అవుతుంది. బయటివాళ్లు తరగతిలోకి రావాలంటే బడి చేసే తనిఖీకి సమయం పడుతుంది, సెప్టెంబరులోనే దరఖాస్తు పెట్టించండి.

ఇంట్లో హ్మాంగ్ విని అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లల్ని తరగతికి నిఘంటువులా వాడొద్దు. 'నువ్వు హ్మాంగ్ కదా, ఇది ఎలా అంటారు?' అని అందరి ముందూ అడిగితే, రాకపోతే ఆ పిల్లకి తల కొట్టేసినట్టు ఉంటుంది, మళ్లీ నోరు తెరవదు. వాళ్లకి వినే పనులు ఎక్కువ ఇవ్వండి, కథ విని బొమ్మలు వరసలో పెట్టడం లాంటివి. అందులో వాళ్లు సునాయాసంగా ముందుంటారు.

గూగుల్ అనువాదంలో హ్మాంగ్ ఉంది, 2013 నుంచీ ఉంది. అందులోంచి వచ్చిన వాక్యాన్ని హ్మాంగ్ టీచరుగారు చూడకుండా అచ్చు వెయ్యొద్దు. వర్గం మాటలు, వరసలు అది తరచు తప్పుతుంది. కంప్యూటరులో కొట్టేటప్పుడు ప్రత్యేకమైన ఫాంట్లేమీ అక్కర్లేదు, కానీ ఇంగ్లీషు అక్షరదోషాలు దిద్దే సదుపాయం ఆపేయండి. అది స్వరం అక్షరాల్ని తీసేసి దగ్గరలో ఉన్న ఇంగ్లీషు మాటగా మార్చేస్తుంది. కాగితం పంచాక గానీ ఎవరూ గమనించరు.

పరీక్ష అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: మొదటి పన్నెండు వారాలు రాతపరీక్ష పెట్టొద్దు. నెలకొకసారి ఒక్కో పిల్లని ఒక నిమిషం రికార్డు చెయ్యండి, ఎప్పుడూ అవే ఐదు పనులు: పలకరించడం, పది వరకు లెక్క, ఇంట్లో నలుగురి వరసలు, ఒక ప్రశ్న అడగడం, బొమ్మ చూసి రెండు వాక్యాలు. స్వరానికి వేరుగా, మాటకి వేరుగా గుర్తు పెట్టండి. మాట వచ్చి స్వరం రాని పిల్లకీ, స్వరం వచ్చి మాటలు లేని పిల్లకీ మీరు చెయ్యాల్సింది వేరు. మొదటి పిల్ల చేతి కసరత్తుకి వెనక్కి వెళ్లాలి, రెండో పిల్లకి తాతయ్యతో మాట్లాడే పని ఇంకా ఎక్కువ ఇవ్వాలి. డిసెంబరు రికార్డింగులు విన్నాక తరగతిలో సగం మందికి ఎస్ స్వరం, మధ్యస్వరం ఇంకా కలిసిపోతుంటే, పదమూడో వారం అన్న అక్షరాలని పదహారుకి జరపండి.